వరద ఎపిసోడ్‌లో అవ్వ పేరు ‘వాయిస్’ కింద వేయాలా, ‘బైట్స్’ కింద వేయాలా?

కేసీకెనాల్_గట్టు: అందరికీ నమస్కారం. 2009 అక్టోబర్ 2 కర్నూలు వరద మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. పాతబస్తీలో మిద్దె ఎక్కి ప్రాణం దక్కించుకున్న ఒక అవ్వ గంటకు పైగా మాట్లాడింది. ఎపిసోడ్ చివర పేర్లు చదవాలి. స్క్రిప్ట్ చదివిన అన్న ‘వాయిస్’ కింద తన పేరొక్కటే రావాలంటాడు, అవ్వది ‘బైట్స్’ (మాట ముక్కలు) అని వేస్తే చాలంటాడు. నాకు మనసొప్పడం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఏమంటారు?

టేపురికార్డర్: ముందు ఒక మాట. మీవాళ్లు పోస్టర్ మీద ‘వాయిస్ ఓవర్’ అని వేశారు, చూశాను. వాయిస్ ఓవర్ అంటే బొమ్మ నడుస్తుంటే దాని మీద వినిపించే గొంతు. మీ దగ్గర బొమ్మే లేదు. రేడియోలో దాన్ని నేరేషన్ అంటాం. బయట రికార్డు చేసుకొచ్చిన మాటను ఇంగ్లీషు రేడియోవాళ్లు యాక్చువాలిటీ అంటారు. బైట్ అనేది టీవీ వార్తల అలవాటు, అక్కడ పది ఇరవై సెకన్ల ముక్క చాలు. గంట మాట్లాడిన మనిషికి అది సరిపోదు.

గుత్తిరోడ్డు: ఎపిసోడ్ ఎప్పుడొస్తాదన్నా?

మైకు_ముందు: ఆ స్క్రిప్ట్ చదివింది నేనే. తమ్ముడు ఇక్కడ పెట్టాడు కాబట్టి నా మాట కూడా వినండి. వాయిస్ ఆర్టిస్ట్ అనేది ఒక పని పేరు. ప, భ లాంటి అక్షరాల దగ్గర మైకుకు గాలి కొట్టకుండా ముఖం ఎంత తిప్పాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, వాక్యం తప్పితే మరుసటి రోజు అదే గొంతులో, అదే దూరం నుంచి పికప్ (ఆ వాక్యం ఒక్కటే మళ్లీ చదవడం) ఎలా ఇవ్వాలో నేర్చుకుంటేనే వస్తుంది. అవ్వ తన ఇంట్లో కూర్చొని తనకు జరిగింది చెప్పింది. రెండూ ఒకటే అంటే నేర్చుకున్నవాడికి విలువేముంది? బైట్ అనడంలో అవమానం లేదు, మంత్రి మాట్లాడినా బైటే.

హంద్రీతీరం: మంత్రికి రేపు ఇంకో మైకు దొరుకుతుంది సార్, అవ్వకు దొరకదు. వరద తర్వాత మా అమ్మ దగ్గరికి ఒక చానెల్ వాళ్లు వచ్చారు. బీరువాలో పట్టాకాగితాలు, నాన్న ఫొటో అన్నీ బురదైపోయాయని ఏడుస్తూ చెప్పింది. తీరా ప్రోగ్రాం వచ్చేసరికి అమ్మ బొమ్మ ఉంది, గొంతు లేదు. ఆమె చెప్పిందంతా ఎవరో అమ్మాయి నున్నగా చదివింది. అమ్మ టీవీ ముందు నుంచి లేచి పోయింది. దానికి ఏ పేరు పెడతారో పెట్టుకోండి, నాకైతే అది అమ్మ మాటను గుంజుకోవడమే.

టేపురికార్డర్: మీ అమ్మగారిది నిజంగా వాయిస్ ఓవరే, బొమ్మ ఉంది కాబట్టి. నేను చెప్పేది ఆడియో సంగతి.

హంద్రీతీరం: సార్, మా అమ్మ ఏడ్చింది అంటే మీరు పేరు సరిచేస్తున్నారు.

కేసీకెనాల్_గట్టు: అక్కా, సార్, దయచేసి పేర్ల జాబితా దగ్గరికి రండి.

మైకు_ముందు: జాబితా దగ్గరికే వస్తా. తమ్ముడు ఒక సంగతి రాయలేదు. అవ్వ రికార్డింగ్‌లో ఫ్యాన్ శబ్దం ఉంది, కుక్కర్ విజిల్ ఉంది, మాట చాలాచోట్ల బయటివాళ్లకు అర్థం కాదు. అందుకని ఆమె మాటల్లో సగం నేను మళ్లీ చదివాను. సొంతంగా కాదు, టీమ్ అడిగితేనే. అంటే ఎపిసోడ్‌లో ముప్పాతిక నా గొంతే. ఇప్పుడు చెప్పండి, ‘వాయిస్’ ఎవరు?

హంద్రీతీరం: చూశారా! మా అమ్మకు చేసిందే అవ్వకూ చేశారు. తెలుగు మీద తెలుగు ఎందుకు సార్? వేరే భాషవాళ్లు మాట్లాడితే వాళ్ల గొంతు రెండు మూడు సెకన్లు వినిపించి, తగ్గించి, పైన అనువాదం చదువుతారు. కర్నూలు మాటకు కూడా అనువాదం కావాలా?

స్లైడర్_కిందికి: ఎడిటింగ్ చేసేవాణ్ని. ఫ్యాన్ శబ్దం ఒక్కటే తీరుగా ఉంటుంది, అది తగ్గుతుంది. అవ్వ మాట ఆపిన చోట ఉన్న గది శబ్దాన్ని నమూనాగా ఇచ్చి నాయిస్ రిడక్షన్ కొద్దిగానే వేయండి. గట్టిగా లాగితే మనిషి నీళ్లలో మాట్లాడినట్టుంటుంది. 80 హెర్ట్జ్ కంటే కిందుండే గుర్రుమనే శబ్దాన్ని కోసేయండి, ఆడగొంతుకు ఏమీ కాదు. విజిల్ మాట మీద పడిన చోటు ఏమీ చేయలేం, ఆ ఒక్క వాక్యం నేరేటర్ చెప్పవచ్చు. మోనో (ఒకే చానెల్) అయితే మొత్తం మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెండి. సగం మళ్లీ చదవాల్సినంత అవసరం ఇందులో నాకు కనపడలేదు.

మైకు_ముందు: శబ్దం సంగతి వదిలేయండి. నా బాధ వేరే. నేను పుట్టింది ఆదోని పక్క. మొదట్లో ఆడిషన్‌కు ఎక్కడికి పోయినా “సీమ యాస వస్తోంది” అని పంపేసేవాళ్లు. ‘యాడికి’, ‘ఏంటికి’, ‘చేస్తాండాను’ అన్నీ నాలుక మీద నుంచి తీసేసుకున్నాను. ఇంట్లో మా నాయనతో కూడా వేరేగా మాట్లాడటం అలవాటైంది. అట్లా తీసేసుకున్నందుకే నాకు పని దొరికింది. ఇప్పుడు ఆ యాసే గొప్ప, నీ గొంతు అడ్డం అంటున్నారు. పైగా ఈ ఎపిసోడ్‌కు నాకు ఫీజు లేదు. దక్కేది ఆ పేరొక్కటే.

గుత్తిరోడ్డు: ఫీజు లేకుండా చదివించుకున్నారా అన్నను?

హంద్రీతీరం: అన్నా, మీకు ఆ ఆడిషన్లలో జరిగింది అన్యాయం. దానికి అవ్వ గొంతు ఎందుకు తగ్గాల? మీకు ఫీజు ఇమ్మని నేనూ అడుగుతాను. కానీ అవ్వ మాట అవ్వ గొంతులోనే ఉండాల.

టేపురికార్డర్: ‘కథనం’ అని ఈయన పేరు, ‘చెప్పినవారు’ అని ఆమె పేరు వేయండి. ఆకాశవాణి రూపకాల చివర కూడా పాల్గొన్నవాళ్ల పేర్లు చదివేవాళ్లు. ఎవరిది ముందు చదవాలన్నది మీ ఇష్టం.

మైకు_ముందు: ముందు ఆమెదే చదవండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఫీజు మాట తేలకుండా నా ట్రాక్ వాడొద్దు.

కేసీకెనాల్_గట్టు: స్లైడర్ అన్నా, రా ఫైల్ మీకు పంపుతాను. అవ్వ గొంతు మొత్తం వెనక్కి పెట్టి ఒక కాపీ చేద్దాం. ఆదివారం దాన్ని అవ్వకు వినిపించి, పేరు ఎట్లా చదవాలో కూడా ఆమెనే అడుగుతాను. మైకు అన్నా, ఫీజు గురించి సాయంత్రం ఫోన్ చేస్తాను.

మైకు_ముందు: ఫోన్ కాదు, ఎంతో ఇక్కడే రాయి.