అంబాసిడర్ 1489 సీసీ: పుష్ రాడ్లు కలిసిపోయాయి, ఎలా బిగించాలి?

అమలాపురం మార్క్ 3
అందరికీ నమస్కారం అండీ. నాన్నగారి అంబాసిడర్, మార్క్ 3. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనే, తర్వాత వచ్చిన ఐసుజు ఇంజన్ కాదు. హెడ్డు దింపించి వాల్వ్ గ్రైండింగ్ చేయించాను. దింపిన మెకానిక్ పుష్ రాడ్లు (టాపెట్ల నుంచి పైన రాకర్లని తోసే కడ్డీలు) ఎనిమిదీ ఒకే డబ్బాలో వేసి కడిగేశాడు, ఏది ఎక్కడిదో ఇప్పుడు తెలీదు. రాడ్ల కింద ఉండే టాపెట్లు మాత్రం బ్లాకులోనే ఉన్నాయి, వాటిని ఎవరూ కదపలేదు. కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్డు కూర్చోబెట్టాను, నట్లు ఇంకా చేత్తో తిప్పి వదిలానంతే. మిగతాది నేనే బిగించుకుందామని ఉంది. ఆ రాడ్లే వేసేయొచ్చా, కొత్త సెట్టు తెప్పించాలా? వాల్వులని నొక్కే రాకర్లుండే రాకర్ షాఫ్ట్ బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి? సంక్రాంతికి బండి రోడ్డెక్కాలని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

తణుకు గ్యారేజీ
టాపెట్లు కదపలేదన్నారు చూడండి, అది చాలా మంచి మాట. టాపెట్ అడుగు కామ్ షాఫ్ట్ మీద తిరుగుతూ తన లోబుకి, అంటే తనని పైకి తోసే గుబ్బకి తగ్గట్టు అరుగుతుంది, దాన్ని ఇంకో లోబు మీద పెడితే టాపెట్టూ పోతుంది, కామ్ కూడా పోతుంది. పుష్ రాడ్ల విషయంలో అంత ప్రమాదం లేదు. ఎవరి చోట వాళ్లని పెట్టడమే పద్ధతి, కానీ ఎనిమిదీ ఒకే పొడవు కాబట్టి కలిసిపోయినంత మాత్రాన పారేయక్కర్లేదు.

ఒక అద్దం పలక మీద ఒక్కో రాడ్ దొర్లించండి. వంకర ఉంటే దొర్లేటప్పుడు కింద వెలుతురు వచ్చిపోతూ కనబడుతుంది. తర్వాత పై చివర గిన్నెలాంటి గుంట ఉంటుంది కదా, దాన్ని టార్చి వేసి చూడండి, నున్నగా మెరుస్తూ ఉంటే ఫర్వాలేదు. గరుకుగా ఉన్నా, గుంట ఒక పక్కకి అరిగినా ఆ రాడ్డుతో పాటు దాని మీద కూర్చునే రాకర్ స్క్రూ కూడా మార్చేయండి. పాత స్క్రూ గుండు కొత్త గిన్నెని కూడా తినేస్తుంది. సామాను విజయవాడ ఆటోనగర్‌లో అడగండి, దొరక్కపోతే కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకునేవాళ్లు ఉన్నారు.

రాడ్ దింపేటప్పుడు అడుగున గుండుకి ఆయిల్ రాసి, వేళ్లతో అటూ ఇటూ తిప్పుతూ వదలండి. టాపెట్ మధ్యలో కూర్చుందో అంచు మీద ఆగిందో చేతికే తెలుస్తుంది: కాస్త పైకి లాగితే ఆయిల్ పట్టుకి టాపెట్ కూడా వెంట వస్తున్నట్టు బరువుగా ఉంటుంది, అప్పుడు సరిగ్గా కూర్చున్నట్టే. అంతకు మించి లాగొద్దు. టాపెట్ దాని గూట్లోంచి బయటికొస్తే మానిఫోల్డ్ కింద ఉండే పక్క కవర్లు విప్పాల్సి వస్తుంది, అదొక పెద్ద పని.

కాకినాడ బీ సిరీస్
పైన చెప్పినవన్నీ కరెక్టే. రాకర్ షాఫ్ట్ దగ్గర అసలు జాగ్రత్త ఇంకోటి ఉంది, చాలామంది వదిలేస్తారు. ఈ ఇంజన్లో రాకర్ బ్రాకెట్లని పట్టుకునే నట్లలో నాలుగు పెద్దవి హెడ్డు నట్లే. అంటే రాకర్లు లేకుండా ముందు హెడ్డు బిగించేసి, తర్వాత తీరిగ్గా షాఫ్ట్ పెట్టుకుందాం అంటే కుదరదు. పుష్ రాడ్లు దింపి, రాకర్ షాఫ్ట్ పెట్టి, అప్పుడు మొత్తం 11 హెడ్డు నట్లనీ మధ్యలోంచి బయటికి, కొంచెం కొంచెంగా, దఫదఫాలుగా టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్న లెక్కకి బిగించండి. బ్రాకెట్ల చిన్న నట్లకి టార్క్ వేరు, అవి చివర్లో. రేపెప్పుడైనా రాకర్ షాఫ్ట్ ఒక్కటే తీయాల్సి వచ్చినా ఇదే లెక్క: రేడియేటర్ నీళ్లు దించి, హెడ్డు నట్లన్నీ సమానంగా వదులు చెయ్యాలి. ఆ నాలుగే విప్పితే హెడ్డు వంకరపోయి నీళ్లు సిలిండర్లోకి, అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతాయి.

బిగించే ముందు రాకర్ స్క్రూలన్నీ పూర్తిగా పైకి తిప్పేయండి, లేకపోతే తెరుచుకుని ఉన్న వాల్వ్ స్ప్రింగులన్నీ ఎదురు తంతాయి, రాడ్ వంగినా వంగుతుంది. ప్రతి స్క్రూ గుండు దాని గిన్నెలోనే ఉందా అని ఎనిమిదీ వరసగా చూసుకోండి.

షాఫ్ట్ కూడా విప్పి చూశారా? మన వైపు ఉప్పుగాలికి షెడ్డులో నెలలు నిలబడ్డ బండి షాఫ్ట్ తుప్పు పట్టేస్తుంది. అరుగుదల ఎప్పుడూ షాఫ్ట్ అడుగు వైపే ఉంటుంది, అక్కడ గోరుతో గీరి చూడండి, మెట్టు తగిలితే షాఫ్టూ బుష్‌లూ రెండూ మార్చాలి. లోపల ఆయిల్ బెజ్జాలు తీగతో పొడిచి గాలి కొట్టండి. ఆయిల్ వచ్చేది వెనక బ్రాకెట్లోంచి, అది మూసుకుపోతే పైన రాకర్లన్నీ ఎండిపోతాయి.

అమలాపురం మార్క్ 3
చాలా థాంక్స్ అండీ, హెడ్డు నట్ల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. గోరుకి మెట్టేమీ తగల్లేదు. ఇంతకీ టాపెట్ గ్యాప్, అంటే రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు, ఎంత పెట్టాలి? సాయానికి ఎవరూ లేరు, ఒక్కడినే చేసుకోవాలి.

పాలకొల్లు మేస్త్రీ
15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) తమ్ముడూ, అంటే 0.38 మిల్లీమీటర్లు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. ప్లగ్గులు నాలుగూ తీసేసి స్టార్టింగ్ హ్యాండిల్‌తో తిప్పుకో, ఒక్కడివే హాయిగా చేసుకోవచ్చు. తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకో: ముందు నుంచి వరసగా 1 నుంచి 8 వరకు నంబర్లు అనుకో, ఏ వాల్వ్ పూర్తిగా నొక్కుకుని ఉందో దాన్ని తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చే నంబరు వాల్వ్ సెట్ చెయ్యాలి. 8 నొక్కుకుని ఉంటే 1, 3 నొక్కుకుని ఉంటే 6, అలాగన్నమాట. ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) కాస్త పట్టుకుంటూ జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, అందుకని బిగించాక మళ్లీ ఫీలర్ పెట్టి చూడాల్సిందే. రాకర్ ముక్కు మీద వాల్వ్ చేసిన గుంట ఉంటే ఫీలర్ ఆ గుంట మీద వంతెన కట్టినట్టు ఆగిపోయి తప్పు కొలత చూపిస్తుంది, అలాంటి రాకర్‌ని ముందు మార్చు.

రాజోలు పాతబండి
బాబూ, ఒక్కటి చేర్చనీ. దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరి నుంచి. పాత హెడ్లలో ఎగ్జాస్టు వాల్వులు ఆని మూసుకునే సీట్లు మెత్తని పోత ఇనుమువే, సీసం లేకపోతే అవి కొంచెం కొంచెంగా లోపలికి దిగుతాయి, దిగేకొద్దీ గ్యాప్ తగ్గిపోతుంది. మరీ తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. నీ ఇంజన్లో ఎగ్జాస్టులు 1, 4, 5, 8. స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మరోసారి టార్క్ చూసుకుని ఎనిమిది గ్యాపులూ మళ్లీ సరిచెయ్యి, నట్లు సర్దుకుంటే గ్యాపు మారుతుంది. ఆ తర్వాత నుంచి ఎగ్జాస్టు గ్యాపులు ప్రతిసారీ పుస్తకంలో రాసిపెట్టుకో. ఏదైనా ఒకటి మాటిమాటికీ బిగుసుకుంటూ ఉంటే స్క్రూ తిప్పుకుంటూ కాలక్షేపం చెయ్యకుండా హెడ్డు లేత్ షాపుకిచ్చి గట్టి సీట్లు వేయించు.