ఆరు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయాను, ఎక్కడ తప్పుతోంది?

తొలిపొద్దు:
నాకు 43 ఏళ్లు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నాలుగు నెలల కిందట పరుగు మొదలుపెట్టాను. వచ్చే ఏడాది హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, పూర్తి చేయాలని గట్టి కోరిక. మొదటి రెండు నెలల్లో 2 నుంచి 6 కిలోమీటర్లకు వచ్చాను. తర్వాత బండి కదలడం లేదు. వారానికి నాలుగు రోజులు, కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున పరుగెత్తుతున్నాను. ఐదో కిలోమీటరుకల్లా ఊపిరి అందదు. వారం నుంచి కుడికాలిలో మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక లోపలి అంచు వెంట నొప్పి కూడా. వయసు మించిపోయిందా?

నిదానం:
వయసు కాదండి, వేగం. నాలుగు రోజులూ మీరు పోటీలోనే ఉన్నారు! నేనూ 39వ ఏట మొదలుపెట్టి, ఏడాదంతా ఇలాగే గడియారంతో కొట్లాడాను. ఒకరోజు ఒక పెద్దాయన నా పక్కనే పరుగెత్తుతూ తన మనవరాలి సంగతులు చెప్పుకొచ్చారు. నేను ఊ కొట్టడానికి కూడా ఊపిరి చాలలేదు. అప్పుడు తెలిసింది. పరుగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అదే మీ వేగం. మీకు అది కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు కావచ్చు, ఎనిమిది కావచ్చు. ఇలాంటి పరుగులు నెలల తరబడి సాగితే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఆయాసం తగ్గుతుంది.

న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుడు పీటర్ స్నెల్‌ను ఆదివారాలు దాదాపు 35 కిలోమీటర్లు పరుగెత్తించేవారు. స్నెల్ 1960, 1964 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది 800 మీటర్ల పందెంలో! రెండు నిమిషాలు కూడా పట్టని పందేనికి అంత పునాది వేశారాయన. మీ లక్ష్యం రెండు గంటల పైమాటే కదా, పునాదికి తొందరపడకండి. పదేసి నిమిషాలకు ఒక నిమిషం నడవండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మడమ:
వేగం సంగతి సరే, ముందు ఆ నొప్పి చూసుకోండి. గుండె, ఊపిరి వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకు నెలలు కావాలి. చాలామందికి దెబ్బ తగిలేది ఈ తేడాలోనే. నొప్పి ఎముక వెంట పొడవునా ఉంటే కొన్నాళ్లు పరుగు మాని నడవండి. ఒకేచోట వేలు పెడితే గుచ్చుకున్నట్లున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా వేధించినా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి. నేను పది రోజులు భరించి, మూడు నెలలు పరుగుకు దూరమయ్యాను. ఆ మూడు నెలలు ఇప్పటికీ బాధగానే ఉంటాయి.

తగ్గాక రోజూ మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి, పిక్కలు గట్టిపడతాయి. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు చోటు ఉండాలి.

తొలిపొద్దు:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. డాక్టరు చూసి పగులు లేదన్నారు. రెండు వారాలు నడక మాత్రమే. తర్వాత కిలోమీటరుకు 7 నిమిషాల 50 సెకన్లతో మొదలుపెట్టాను. మొదట్లో అందరూ దాటిపోతుంటే మనసు చివుక్కుమంది. నిన్న మధ్యమధ్య నడుస్తూ 8 కిలోమీటర్లు వెళ్లాను, నొప్పి లేదు! వచ్చేవారం 10కి వెళ్లవచ్చా?

నిదానం:
చాలా సంతోషమండి. 10 ఇప్పుడే వద్దు, ఇంకో రెండు వారాలు 8లోనే ఉండండి.