లెక్క చివర్లో ఒకడు నెట్ కట్టేస్తే ఎట్లా?

అనంతపురం స్టూడెంట్:
ఫైనల్ ఇయర్ కంప్యూటర్ ప్రాజెక్టు, టెన్షన్‌గా ఉంది. వేరుశనగ క్వింటాలుకు రైతు మనసులో ఒక కనీస ధర, వ్యాపారి మనసులో ఒక గరిష్ఠ ధర ఉంటాయి. ఇద్దరూ వాటిని బయటపెట్టరు, బేరం కుదురుతుందా లేదా అన్నదొక్కటే తేలాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త యావో 1982లో చెప్పిన కోటీశ్వరుల లెక్కే (ఆస్తి ఎంతో చెప్పకుండా ఇద్దరిలో ఎవరు ఎక్కువ ధనవంతుడో తేల్చడం), మన సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే బేరం లాంటిది, కాకపోతే ఇక్కడ ఎదుటివాడికి కూడా ధర తెలియదు. రహస్యం వరకు బాగానే పనిచేస్తోంది గానీ జవాబు ముందు వ్యాపారికి చేరుతుంది, అతను చూసుకుని నెట్ కట్టేస్తే రైతుకు ఏమీ మిగలదు. జవాబుకు తాళం వేసి, తాళంచెవిని ఒక్కో బిట్టుగా వంతులేసుకుని పంపుకుంటే సరిపోతుందా?

కడప నుంచి:
సరిపోదు తమ్ముడూ. ఎవరో ఒకరు ఎప్పుడూ ఒక బిట్టు ముందుంటారు, మధ్యలో ఆపేస్తే మిగతాది వెతుక్కోవడంలో పెద్ద కంప్యూటర్ ఉన్నవాడిదే గెలుపు, అది రైతు దగ్గర ఉండదు. ఇద్దరూ దూరం నుంచి బొమ్మా బొరుసా వేసుకున్నా, మధ్యలో మానేసేవాడు ఫలితాన్ని కొంతైనా తనవైపు తిప్పుకోగలడని క్లీవ్ అనే శాస్త్రవేత్త 1986లోనే నిరూపించాడు. విడతలు (ఒకరికొకరు కబురు పంపుకునే వంతులు) పెంచితే ఆ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కర్నూలు నుంచి:
అన్నా, అది బొమ్మాబొరుసు మాట. చాలామంది అన్ని లెక్కలకూ అంతేనని 22 ఏళ్లు అనుకున్నారు. 2008లో గోర్డన్, హజాయ్, కాట్జ్, లిండెల్ అనే పరిశోధకులు చూపించింది వేరు: ధరల సంఖ్య తక్కువైతే పోల్చే లెక్కకు పూర్తి న్యాయం, అంటే ఒకరికి జవాబు దక్కితే రెండోవారికీ దక్కడం, సాధ్యమే. 5000 నుంచి 8000 దాకా పది రూపాయల మెట్లు వేస్తే 301 ధరలు, విడతలు కూడా దాదాపు అన్నే. ఎవరికి ఏ విడతలో తెలుస్తుందన్నది వాళ్ల ధరను బట్టి ఉంటుంది, అవతలివాడు వెళ్లిపోయినా మిగిలినవాడు తన జవాబు తేల్చుకోగలడు. తమ్ముడూ, నీ ప్రాజెక్టుకు ఇదే సరిపోతుంది.

ఆదోని నుంచి:
నేనైతే మూడో మనిషిని పెడతా. ముగ్గురిలో ఇద్దరు నిజాయితీగా ఉంటే ఒకడు లేచిపోయినా లెక్క ఆగదు. డెన్మార్క్‌లో 2008 జనవరిలో సుమారు 1200 మంది చక్కెరదుంప రైతుల వేలం మూడు కంప్యూటర్ల మీదే నడిచింది, కాకపోతే అక్కడ ముగ్గురూ పద్ధతి తప్పరన్న నమ్మకంతో చేశారు. మూడోవాడు దొరక్కపోతే ధరావతు కట్టించు, మానేసినవాడి డబ్బు ఎదుటివాడికి. బిట్‌కాయిన్ మీద 2014లో ఇలాంటివి వచ్చాయి.

అనంతపురం స్టూడెంట్:
థాంక్స్ అన్నా. ధరావతు అంటే మా నాయన ముందే ఒప్పుకోడు, 301 విడతలే రాసి చూస్తా.