హిమోఫిలియా జీన్ థెరపీ: ఏఏవీనా, వెల్లూరు పద్ధతా?

చిన్నోడి నాన్న:
మావాడికి ఆరేళ్లు. హిమోఫిలియా ఎ, సివియర్. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 జీన్‌ని కణాల్లోకి పంపే దారులు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి, ఏఏవీ వైరస్‌ని నరంలోకి ఎక్కిస్తే కాలేయానికి చేరుతుంది. అమెరికాలో 2023లో అనుమతి వచ్చిన రాక్టేవియన్ ఇదే. రెండోది వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిది: రక్తం తయారుచేసే మూలకణాలు బయటికి తీసి, లెంటీవైరస్ అనే ఇంకో రకం వైరస్‌తో జీన్ పెట్టి మళ్లీ ఎక్కిస్తారు. ఏది నయం?

మోకాలు34:
వెల్లూరుదే. 2024 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. ఐదుగురికి ఇచ్చారు, ఆ తర్వాత ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. ఇంకేం కావాలి?

ల్యాబ్ అక్క:
ఐదుగురే కదా! పైగా ముందు గట్టి కీమో ఇచ్చి పాత మూలకణాల్ని ఖాళీ చేస్తారు. ఆ మాట ఎందుకు చెప్పరు?

మోకాలు34:
ఏఏవీ గురించీ చెప్పండి మరి. రాక్టేవియన్‌లో ఫ్యాక్టర్ ఏటేటా తగ్గుతోంది. యాంటీబాడీలు వచ్చాక అదే వైరస్ రెండోసారి పనికిరాదు.

ల్యాబ్ అక్క:
తగ్గడం వేరు, క్యాన్సర్ వేరు. లెంటీవైరస్ జీన్‌ని క్రోమోజోములోనే అతికిస్తుంది. స్కైసోనా అనే లెంటీవైరస్ మందు ట్రయల్స్‌లో తీసుకున్న 67 మంది పిల్లల్లో 2024 నాటికే 7గురికి రక్త క్యాన్సర్ వచ్చింది.

మోకాలు34:
అది మెదడు జబ్బు మందు, అందులో ప్రమోటర్, అంటే జీన్‌ని ఆన్ చేసే స్విచ్, వేరు. ముడిపెట్టకండి.

ల్యాబ్ అక్క:
ప్రమోటర్ వేరే, ఒప్పుకుంటా. అతికించడం మాత్రం అతికించడమే.

చిన్నోడి నాన్న:
ఇద్దరూ ప్రమోటర్ దగ్గరే ఆగిపోయారు. నేనడిగింది పిల్లాడి గురించి.

ల్యాబ్ అక్క:
ఏఏవీ తెచ్చిన జీన్ చాలావరకు క్రోమోజోములో కలవదు. పిల్లాడి కాలేయం పెరిగి ఒక్కో కణం రెండుగా అయ్యేకొద్దీ ఆ జీన్ పలచబడిపోతుంది. ఆ లెక్కన పిల్లలకు లెంటీవైరసే నిలవాలి. కానీ వెల్లూరులో తీసుకున్నవాళ్లంతా పెద్దవాళ్లే. ఆగండి.

మోకాలు34:
ఆగండి, ఆగండి! తొమ్మిదో తరగతిలో నన్నూ ఆగమన్నారు. ఫ్యాక్టర్ లేదని ఐస్ ముక్కలు గుడ్డలో కట్టి పంపించేశారు. మూడు రాత్రులు కుడి మోకాలు గుమ్మడికాయలా ఉంది. ఇప్పటికీ గోడ పట్టుకునే బాత్రూమ్‌కి వెళ్తాను. మీరన్నట్టు ఆగి ఇరవై ఏళ్ల డేటా కోసం చూస్తే, అది వచ్చేసరికి నాకు 54.

ల్యాబ్ అక్క:
మా తమ్ముడు కీమోలో ఇన్ఫెక్షన్ వచ్చి పోయాడు. వాడి జబ్బు వేరు. పద్నాలుగు రోజులు అద్దం ఇవతలే నిలబడి చూశాను. ‘ఇంకేం కావాలి’ అన్నారే, ఆ మాటకే నాకు కోపం వచ్చింది. ఈ థెరపీతో మీ కుడి మోకాలు తిరిగి రాదండీ.

మోకాలు34:
తెలుసు. ఎడమది ఇంకా బాగానే ఉందక్కా. తమ్ముడి సంగతి తెలియక అన్నాను.

చిన్నోడి నాన్న:
అన్నా, మీకు ఆగే టైమ్ లేదు, మావాడికి ఉంది. ప్రస్తుతానికి ఫ్యాక్టర్ సూదులు మానం. ఎదిగాక వాడే చెప్తాడు.

మోకాలు34:
సోమవారం వెల్లూరు వెళ్తున్నా, ఇన్హిబిటర్ (ఫ్యాక్టర్‌ని అడ్డుకునే యాంటీబాడీ) రిపోర్టు తీసుకుని. మా పెళ్లై ఏడాదే అయింది. కీమోకి ముందు వీర్యం దాచుకోవచ్చా అని ముందు అదే అడుగుతా. ఇంకేం అడగాలో చెప్పక్కా.

ల్యాబ్ అక్క:
కీమో తర్వాత రక్తకణాల కౌంట్లు పడిపోయిన రోజుల్లో జ్వరమొస్తే ఎన్ని నిమిషాల్లో మందు పెడతారో అడుగు. రాసుకుని వెళ్లు.