డబ్బుకు ఇచ్చే లినక్సులో సోర్సు ఇవ్వని ప్రోగ్రాములను కలిపితే నమ్మవచ్చునా?

ప్రశ్న (విజయనగరం):
గంటస్తంభం దగ్గర మాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. నాలుగు కంప్యూటర్లకు ఏడాది చందా మీద లినక్సు ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తామని ఒక వ్యాపారి వచ్చారు. పాత తెలుగు ఫాంట్లను యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర సంకేతాల్లోకి) మార్చే సాధనం, బ్యాకప్ ప్రోగ్రాము అందులోనే కలిపి ఇస్తారట; వాటి సోర్సు (ప్రోగ్రాము రాసిన మూలపాఠం) మాత్రం ఇవ్వరట. పదిహేనేళ్ల కిందట పాత ఫాంటులో మేము కూర్చిన శుభలేఖను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే, ‘శ్రీరస్తు’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ కనిపిస్తాయి. ఆ బాధ పడినవాణ్ణి కనుక అడుగుతున్నాను: ఇది పెనం మీది నుంచి పొయ్యిలో పడటం కాదు కదా?

జవాబు (శ్రీకాకుళం):
మీ భయం సబబైనదే. డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. జీపీఎల్ (లినక్సు వంటి వాటికి వాడే స్వేచ్ఛా లైసెన్సు) అమ్మకాన్ని నిషేధించదు, అదే డిస్కులో వేరే లైసెన్సు గల ప్రోగ్రామును పక్కన పెట్టడాన్నీ 1991 నాటి రెండవ వెర్షన్ అడ్డుకోదు. చిక్కంతా ఆ పక్కన పెట్టిన దాని మీదనే మన పని ఆధారపడినప్పుడు వస్తుంది. ఉదాహరణకు, సూసె కంపెనీ వారి లినక్సులో సెట్టింగులన్నీ చూసే యాస్ట్ సాధనానికి సోర్సు కనిపించేది గానీ, నకళ్లను డబ్బుకు పంచాలంటే కంపెనీ అనుమతి కావలసి వచ్చేది. సూసె నోవెల్ అనే కంపెనీ చేతికి వచ్చాక, 2004లో గానీ అది జీపీఎల్ కిందకు రాలేదు.

జవాబు (బొబ్బిలి):
మాస్టారూ, సోర్సు లేనిదల్లా వద్దంటే చాలా ల్యాప్‌టాప్‌లలో వై-ఫై కూడా రాదు. సోర్సు ఇచ్చే ప్రోగ్రాములే ఉండాలని పట్టుబట్టే డెబియన్ లినక్సు వారే 2022లో ఓటు వేసుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి సోర్సు లేని ఫర్మ్‌వేర్‌ను (వై-ఫై చిప్పు వంటి వాటిని నడిపే ప్రోగ్రామును) ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు.

జవాబు (శ్రీకాకుళం):
ఒప్పుకుంటాను. అయితే వారు దానిని వేరే విభాగంలో ఉంచారు, వద్దనుకునేవారు మానుకోవచ్చు. పైగా వై-ఫై చిప్పు మారితే ఫర్మ్‌వేర్ పోతుంది గానీ శుభలేఖలు పోవు. బ్యాకప్ సంగతి అలా కాదు. చందా ఆపిన మర్నాడు మీ ఫైళ్లు మీ చేతికి వస్తాయో లేదో ముందే తేల్చుకోవాలి. ఆ వ్యాపారిని వారం రోజులు వాడి చూడనివ్వమనండి. ఒక ఫోల్డరును బ్యాకప్ చేసి, ఆ ప్రోగ్రాము లేని కంప్యూటరులో తెరవండి.

ప్రశ్న అడిగినవారు:
చేసి చూశాను. బ్యాకప్ అంతా ఒకే ఫైలుగా తయారైంది. ఇలాంటి ఫైళ్లను విప్పే ‘టార్’తో ప్రయత్నించినా, ఆర్కైవ్ మేనేజరుతో ప్రయత్నించినా తెరుచుకోలేదు. మార్పిడి సాధనం మాత్రం మామూలు యూనికోడ్ ఫైలే ఇచ్చింది. ‘శ్రీరస్తు’ చక్కగా వచ్చింది, ‘లక్ష్మి’లో మ వత్తు తప్పింది, దానిని చేత్తో దిద్దుకున్నాను. పాత ఫైళ్లన్నిటినీ ఒక్కసారి అందులో మార్చుకుని, లిబ్రె ఆఫీసులో, ఇతర ప్రోగ్రాముల్లోనూ తెరుచుకునే ఓడీటీ ఫైళ్లుగా దాచి, నకళ్లు తీసే ‘ఆర్‌సింక్’తో బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కిద్దామనుకుంటున్నాను. బ్యాకప్ లేకుండా చందా ఎంతో చెప్పమని వ్యాపారిని అడిగితే, సోమవారం చెబుతానన్నారు.