రాత్రి పడుకోగానే పిక్కల్లో పీకుడు, స్లీపర్ బస్సులో ఎలా?

అందరికీ నమస్తే. రాత్రి మంచం ఎక్కిన కాసేపటికి పిక్కల్లో ఎక్కడో లోపల పురుగులు పాకుతున్నట్టు ఒకటే పీకుడు. నొప్పి కాదు, తిమ్మిరీ కాదు, కాళ్ళు కదపకుండా ఉండలేను, అంతే. లేచి హాల్లో నాలుగు అడుగులు వేస్తే పోతుంది, పడుకుంటే మళ్ళీ మొదలు. పగలు బడిలో నిలబడి పాఠం చెబుతున్నంతసేపూ ఏమీ ఉండదు. డాక్టరు గారు రెస్ట్‌లెస్ లెగ్స్ అన్నారు, మందు ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు చూద్దామన్నారు. ఇంట్లోవాళ్ళేమో నీరసం అంటారు, వాతం అంటారు. వచ్చే నెల హైదరాబాద్ నుంచి తిరుపతికి స్లీపర్ బస్సు, రాత్రంతా ఆ పై బెర్తులో అంటే ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. మీరెలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1
అక్కా, ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేయించుకున్నారా? హిమోగ్లోబిన్ బాగానే ఉందని చాలామంది అక్కడితో వదిలేస్తారు, కానీ దీనికి చూడాల్సింది ఒంట్లో ఐరన్ నిల్వ. ల్యాబ్ రిపోర్టులో ఫెరిటిన్ 30 ఉన్నా నార్మల్ అనే ఉంటుంది, ఈ జబ్బుకి మాత్రం 75 లోపు ఉంటే ఐరన్ ఇస్తారు. మెదడుకి ఐరన్ చాలకపోతే అక్కడి డోపమైన్ అనే రసాయనం పని దెబ్బతింటుంది, కాళ్ళకి ఎంత నూనె రాసి మర్దన చేసినా అది సర్దుకోదు. నేను మా డాక్టరు చెప్పినట్టు రోజు విడిచి రోజు పరగడుపున నిమ్మరసంతో వేసుకుంటున్నాను, టీ మాత్రం బాగా ఆగి తాగుతాను. తేడా తెలియడానికి నెలలు పట్టింది. పరీక్ష లేకుండా కొని మింగకండి, ఐరన్ ఎక్కువైనా ప్రమాదమే.

జవాబు 2
బస్సు అన్నారు కాబట్టి ఇది ముఖ్యంగా చెప్పాలి. వాంతులు రాకుండా ప్రయాణానికి ముందు వేసుకునే ప్రోమెథజైన్ బిళ్ళ, మత్తుగా ఉండే జలుబు బిళ్ళలు, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ఇవన్నీ కాళ్ళ పీకుడిని బాగా పెంచుతాయి. నిద్ర పడుతుంది కదా అని వేసుకుంటే ఆ రాత్రి నరకమే. డిప్రెషన్ మందుల్లోనూ కొన్ని ఇలాగే చేస్తాయి, అవి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరుకి ఈ సంగతి చెప్పండి.

జవాబు 3
అమ్మా, నేను ఈ జబ్బుకి ఇచ్చే ప్రమిపెక్సోల్ అనే మందు ఏళ్ళ తరబడి వాడాను. మొదట్లో అద్భుతంగా పనిచేసింది. పోనుపోను రాత్రి పదికి వచ్చే బాధ మధ్యాహ్నానికే రావడం, చేతుల్లోకి కూడా పాకడం మొదలైంది. డోసు పెంచితే ఇంకా పెరిగింది. ఆ మందు తత్వమే అంతట, ఇప్పుడు చాలామంది డాక్టర్లు ముందు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే వేరే రకం మందుల వైపు చూస్తున్నారు. నాకు మెల్లగా తగ్గిస్తూ మార్చారు. రేపు మీకు మందు అవసరం పడితే ఈ మాట తప్పకుండా అడగండి.

అడిగినవారు
ఫెరిటిన్ ఎవరూ రాయలేదండీ, ఈ వారమే చేయిస్తాను. నాకు బస్సు పడదు, ఎప్పుడూ ఆ బిళ్ళే వేసుకుంటాను!

జవాబు 2
అయితే బస్సు మానేసి నారాయణాద్రి రైలుకి చూడండి, సైడ్ లోయర్ దొరికితే ఎవరినీ లేపకుండా దిగి నడవొచ్చు. సాయంత్రం నుంచి కాఫీ వద్దు. పడుకునే ముందు పిక్కలు బాగా సాగదీయండి, వేడినీళ్ళ బ్యాగు ఒకటి దగ్గర పెట్టుకోండి.