వ్యాసంలో ప్రతి తప్పూ దిద్దాలా, కొన్ని వదిలేయాలా?

కొత్త టీచర్:
తొమ్మిదో తరగతికి భాష చెబుతున్నాను. వ్యాసాలు దిద్దేటప్పుడు ఒత్తు, దీర్ఘం, వాక్యదోషం ఏదీ వదలకుండా ఎర్ర పెన్నుతో సరిచేసి ఇస్తున్నాను. పిల్లలు మాత్రం పుస్తకం చేతికి రాగానే మార్కు చూసి మూసేస్తున్నారు, తర్వాతి వ్యాసంలో మళ్లీ అవే తప్పులు. మీరంతా ఎలా దిద్దుతున్నారు?

సీనియర్ టీచర్:
అన్నీ దిద్దాల్సిందేనండీ. మనం చూసి వదిలేస్తే పిల్లలు అదే ఒప్పనుకుంటారు, రెండేళ్లు పోతే చేతికి అలవాటైపోతుంది. రేపు పరీక్షలో మార్కులు పోయాక 'మీరెప్పుడూ చెప్పలేదు కదా' అంటే ఏం జవాబు చెబుతాం?

కాలేజీ లెక్చరర్:
సీనియర్ గారూ, తప్పు చెప్పొద్దని నేను అనను. కానీ మనం సరైన రూపం రాసేసి ఇచ్చినప్పుడు ఆలోచించే పని మనమే చేసేస్తున్నాం, పిల్లవాడికి చేయడానికి ఏం మిగలట్లేదు. పేజీలో ముప్పై ఎర్ర గుర్తులుంటే ఏది పెద్ద తప్పో ఏది చిన్నదో వాడికెలా తెలుస్తుంది? ఈ గొడవ కొత్తదేం కాదు. రెండో భాషలో రాసేవాళ్లకు వ్యాకరణం దిద్దడం మానేయాలని 1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు వాదిస్తే, 1999లో డానా ఫెరిస్ అనే పరిశోధకురాలు గట్టిగా ఎదురు చెప్పారు. అయితే ఆవిడ కూడా అన్నీ దిద్దమనలేదు, ముఖ్యమైనవి ఏరి స్పష్టంగా దిద్దితే కొందరికైనా ఉపయోగపడుతుందన్నారు. నేనూ అదే చేస్తాను. ఒక వ్యాసంలో పదే పదే వచ్చే ఒక రకం తప్పు ఎంచుకుని, మొదటి రెండు చోట్ల దిద్ది, మిగతా చోట్ల మార్జిన్‌లో చుక్క మాత్రం పెడతాను, ఆ లైన్‌లో తప్పెక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి.

అసలు నా బాధ ఒత్తుల గురించి కాదు, మనం కింద రాసే మాటల గురించి. 'బాగుంది', 'ఇంకా వివరంగా రాయాలి' అనేవి ఏ వ్యాసం కింద రాసినా సరిపోతాయి, అందుకే ఏ పిల్లవాడికీ పనికిరావు. ఒకమ్మాయి వాళ్ల అవ్వ గురించి రాస్తూ 'ఆ రోజు అవ్వకు చాలా కోపం వచ్చింది. అందరం భయపడ్డాం' అని ముగించిందనుకోండి. 'వివరంగా రాయి' అంటే ఇంకో నాలుగు విశేషణాలు తెచ్చి అతికిస్తుంది. 'అవ్వ ఏమందో నాకు వినపడలేదు, ఆమె అన్న ఒక్క మాట రాయి' అంటే మళ్లీ ఆ రోజులోకి వెళ్లి ఆ మాట పట్టుకొస్తుంది. చదివిన మనిషికి ఎక్కడ అర్థం కాలేదో చెప్పడమే వాళ్లకు కావాల్సింది.

సీనియర్ టీచర్:
అమ్మాయి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది ఉంటారు? అందరికీ ఇలా రాస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. పైగా మార్కు వేయకపోతే పై వాళ్లు ఊరుకోరు.

కాలేజీ లెక్చరర్:
ముప్పై చోట్ల దిద్దే టైమ్‌లో ఇలాంటి వాక్యాలు రెండు హాయిగా రాయొచ్చండీ. మార్కు వేయండి, కానీ పుస్తకంలో కాదు, ముందు రిజిస్టర్‌లో వేసుకోండి. రూత్ బట్లర్ 1988లో అచ్చయిన పరిశోధనలో కొందరికి మార్కులే, కొందరికి వ్యాఖ్యలే, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లకు ఆసక్తి నిలిచింది, పనీ మెరుగుపడింది. పక్కన మార్కు చేరితే ఆ లాభం పోయింది.

ఇంకో టీచర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బట్లర్ ఇచ్చినవి వ్యాసాలు కావు, చిన్న చిన్న ఆలోచనా పనులు. దాన్ని తెచ్చి వ్యాసాలకు నేరుగా అంటించలేం. నా వరకు, మనం ఏం రాశామన్నదాని కన్నా తర్వాత ఆ పిల్లవాడు ఏం చేశాడన్నదే లెక్క. పుస్తకాలిచ్చాక అదే పీరియడ్‌లో పదిహేను నిమిషాలు ఆపి, ఒక్క పేరా తిరగరాయించండి. ఆ టైమ్ ఇవ్వలేనప్పుడు అన్నీ దిద్దినా, ఒక్కటే దిద్దినా తేడా ఉండదు.

కొత్త టీచర్:
నా క్లాసులో తిరగరాయడమనేదే లేదు, ఇవ్వడం, మూసేయడం, ఇంకో వ్యాసం. ఈసారి కొత్త అంశం ఇవ్వను, పాత వ్యాసంలోనే ఒక పేరా తిరగరాయిస్తాను, మార్కు ఆ తర్వాతే. సీనియర్ గారూ, ఒత్తుల విషయంలో మీ భయం నాకూ ఉంది, అందుకని వాటికి వారంలో ఒక పీరియడ్ విడిగా పెడతాను.

సీనియర్ టీచర్:
పెట్టండి. ఆ తిరగరాసిన పేరాలో మాత్రం ఒక్క తప్పు కూడా వదలొద్దు.